జీతం సర్కారుది, స్థలం బోర్డుది: విశాఖ బడుల్లో నిర్ణయం ఎవరిది?

2021 అక్టోబరులో విశాఖపట్నం జ్ఞానాపురంలో ఎయిడెడ్ (సర్కారు జీతాలిచ్చే ప్రైవేటు) బడుల పిల్లల తల్లిదండ్రులు రోడ్డెక్కారు. రేవుకూ రైల్వే స్టేషనుకూ దగ్గరగా ఉన్న పాత పేట అది. రోజుకూలీల నుంచి చిరుద్యోగుల దాకా ఎన్నో కుటుంబాలు నామమాత్రపు ఫీజుతో పిల్లల్ని చదివించుకునేది అక్కడి మిషన్ బడుల్లోనే. బడి ఎయిడ్ వదులుకుంటే ఫీజు ఎంత అవుతుంది, మధ్యలో టీచర్లు వెళ్లిపోతే పాఠం ఎవరు చెబుతారు అన్నది వారి ఆందోళన. దానికి జవాబు చెప్పాల్సిన వారు ఇద్దరున్నారు. యాజమాన్యాలు స్వచ్ఛందంగా ముందుకొచ్చాయని ప్రభుత్వం అంది. ఉత్తర్వులు వచ్చాక తమకు మిగిలిన దారి ఏమిటని యాజమాన్యాలు అన్నాయి. రెండు వాదనల్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఆ రెండింటి మధ్య బడి భవిష్యత్తును నిర్ణయించే అధికారం చట్టం ప్రకారం ఎవరి చేతిలో ఉంది?

ఈ వ్యాసం చట్టాలు, జీవోలు, కోర్టు తీర్పుల ఆధారంగా ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. విద్యాశాఖకూ పాలకవర్గాలకూ మధ్య అధికార విభజన కాగితం మీద ఎన్ని పద్దుల్లో కనిపించినా, విశాఖ అనుభవంలో అది చివరకు రెండింటికే కుదించుకుపోయింది. టీచరు జీతం ఒకరి దగ్గర, స్థలం, భవనం మరొకరి దగ్గర ఉన్నాయి. ఆ రెండూ విడిపోయే రోజున పిల్లల తరఫున మాట్లాడే హక్కు మాత్రం ఎవరికీ రాసి లేదు. ఎయిడెడ్ బడుల విషయంలో ఈ మాటకు ఆధారం గట్టిగా ఉంది. మునిసిపల్, ప్రభుత్వ బడుల విషయంలో పాక్షికంగా ఉంది.

ముందు 2021లో ఏం జరిగిందో చూద్దాం. ఎయిడెడ్ సంస్థల పరిస్థితిపై ప్రొఫెసర్ రత్నకుమారి అధ్యక్షతన వేసిన కమిటీ నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వం 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టాన్ని ఆర్డినెన్స్ ద్వారా సవరించింది. ఆగస్టులో 42, 50, 51 నంబర్ల జీవోలు వరుసగా వచ్చాయి. వాటి సారాంశం చిన్నదే: యాజమాన్యం బడిని ఆస్తులతో సహా ప్రభుత్వానికి అప్పగించవచ్చు, లేదంటే ఎయిడెడ్ సిబ్బందిని అప్పగించి ప్రైవేటు అన్‌ఎయిడెడ్ బడిగా నడుపుకోవచ్చు. చాలా సంస్థలు రెండో దారి పట్టాయి. అది ఊహించదగినదే. నడిబొడ్డున ఉన్న స్థలాన్ని, తాతలనాటి భవనాన్ని ఏ ట్రస్టూ తేలిగ్గా రాసివ్వదు. దీని వెనుక భూమి విలువ లెక్క ఉందన్న అనుమానం ఆనాడు బలంగా వినిపించింది. అనుమానాన్ని రుజువుగా తీసుకోలేం. అయితే ఆ ఏర్పాటులో స్థలాన్ని అట్టిపెట్టుకోవడం లాభసాటి అన్న మాట మాత్రం ఉత్తర్వుల అమరికలోంచే తేలుతుంది.

వ్యతిరేకత విశాఖతో ఆగలేదు. నవంబరు 8న అనంతపురంలో ఎస్ఎస్‌బీఎన్ కళాశాల దగ్గర విద్యార్థులపై లాఠీఛార్జి జరిగింది. నాలుగు రోజులకే, నవంబరు 12న, ప్రభుత్వం మెమో ఇచ్చి మరో రెండు దారులు తెరిచింది: ఎయిడెడ్‌గానే కొనసాగవచ్చు, ఇంతకు ముందు ఇచ్చిన సమ్మతిని వెనక్కు తీసుకోవచ్చు. కొన్ని సంస్థలు హైకోర్టుకు వెళ్లాయి. బలవంతం ఏమీ లేదన్నది ప్రభుత్వం పాడిన పాట. ఆ మాట నిజమైతే నాలుగు దారులూ ఆగస్టులోనే ఎందుకు చెప్పలేదన్నది ఇప్పటికీ సమాధానం రావలసిన ప్రశ్న.

జీతం సర్కారుది, స్థలం యాజమాన్యానిది అన్న ఈ ఒప్పందం పుట్టుక చాలా పాతది. 1854 నాటి చార్లెస్ వుడ్ విద్యా ప్రణాళిక ప్రైవేటు బడులకు సర్కారు సాయం అందించే పద్ధతికి పునాది వేసింది. బడికి స్థానికంగా తగిన యాజమాన్యం ఉండాలి, సర్కారు తనిఖీకి ఒప్పుకోవాలి, ఎంతో కొంత ఫీజు వసూలు చేయాలి అన్నవి షరతులు. సాయం ఇచ్చేవాడు చూసి పోతాడు, నడిపేవాడు నడుపుతాడు అన్నదే ఆ తొలి పంపకం.

విశాఖలో ఈ పంపకానికి మంచి ఉదాహరణ మిసెస్ ఏవీఎన్ కళాశాల. 1860లో ఆంగ్లం, దేశభాష కలిపి నేర్పే బడిగా మొదలైంది. ఖగోళశాస్త్రంలో కృషి చేసిన జమీందారు అంకితం వెంకట నరసింగరావు మరణానంతరం ఆయన భార్య అచ్చయ్యమ్మ ఇచ్చిన విరాళంతో 1892లో దానికి ఇప్పటి పేరు వచ్చింది. సి.వి. రామన్ తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడ అధ్యాపకుడు, రామన్ ఇంటర్ చదివింది అక్కడే. శ్రీశ్రీ కొంతకాలం అక్కడ డిమాన్‌స్ట్రేటరుగా పనిచేశాడు. ఈ పేర్లు చెప్పుకోవడం ఊరి గొప్ప కోసం మాత్రమే కాదు. ఆ కళాశాలకు పేరు తెచ్చింది, దాన్ని నిలబెట్టింది దాత ధనం. తర్వాతి కాలంలో అధ్యాపకుడి జీతం సర్కారు ఇచ్చింది. ఒకే సంస్థలో రెండు ధనాలు. దాత ధనాన్ని కాపాడే బాధ్యత పాలకవర్గానిది, ప్రజాధనాన్ని లెక్క చూసే బాధ్యత అధికారిది. పద్ధతి బాగా నడిచిన రోజుల్లో ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో ఎవరూ వెతకలేదు.

స్వాతంత్ర్యం తర్వాత ఆ గీత క్రమంగా అధికారి వైపు నుంచి ముందుకు జరిగింది. ఎయిడెడ్ టీచరు జీతం ట్రెజరీ నుంచి రావడంతో పోస్టు మంజూరు, నియామకానికి ఆమోదం, క్రమశిక్షణ చర్యకు అనుమతి అన్నీ విద్యాశాఖలోని డీఈవో, ఆర్జేడీ, కమిషనర్ బల్లల మీదకు చేరాయి. యాజమాన్యం తరఫున కరస్పాండెంట్ సంతకం పెడతాడు, ఆ సంతకానికి విలువ మాత్రం అధికారి ఆమోదంతోనే వస్తుంది. 1988 నాటి గ్రాంట్ ఇన్ ఎయిడ్ నియంత్రణ చట్టం 1985 మార్చి 1 తర్వాత పుట్టిన సంస్థలకు సాయం అన్న తలుపే మూసేసింది. పాత సంస్థల్లో పదవీ విరమణ చేసినవారి ఖాళీలు ఏళ్ల తరబడి భర్తీ కాలేదు. పక్కనే మేనేజ్‌మెంట్ సొంతంగా పెట్టుకున్న టీచర్లు, అన్‌ఎయిడెడ్ సెక్షన్లు పెరిగాయి. అంటే 2021 నాటికే చాలా బడుల్లో ఎయిడెడ్ అన్న పేరు కింద మిగిలింది కొద్దిమంది టీచర్లే. ప్రభుత్వ వాదనను అర్థం చేసుకోవాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి: పిల్లలు తగ్గిన బడిలో జీతం తీసుకునే టీచరును అవసరమున్న చోటుకు పంపితే తప్పేమిటి? ప్రశ్న సమంజసమే. అయితే ఆ పోస్టులు ఖాళీగా ఉండిపోవడానికి కారణం పిల్లలు తగ్గడమా, భర్తీ ఆపడమా అన్నది బడిబడికీ తేల్చాల్సిన లెక్క. రాష్ట్రమంతటికీ ఒకే జవాబు చెప్పడం కుదరదు.

కోర్టులు ఈ గీతను ఎలా గీశాయన్నది ఆసక్తికరం, కొంచెం విచారకరం కూడా. ఆంధ్రప్రదేశ్ 1975లో ప్రైవేటు విద్యాసంస్థల నియంత్రణ చట్టం తెచ్చింది. టీచరును తొలగించాలంటే అధికారి ముందస్తు ఆమోదం ఉండాలన్నది దాని ముఖ్య నియమాల్లో ఒకటి. హైదరాబాద్ ఆల్ సెయింట్స్ హైస్కూల్ వేసిన కేసులో 1980లో సుప్రీంకోర్టు ఆ నియమం మైనారిటీ సంస్థలకు వర్తించదని మెజారిటీ తీర్పు చెప్పింది. అధికారి విచక్షణకు హద్దు రాయకపోవడం అందులో కనిపించిన లోపం. అంతకు ముందు 1974లో అహ్మదాబాద్ సెయింట్ జేవియర్స్ కళాశాల కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం మరో అడుగు ముందుకేసింది. గుజరాత్ విశ్వవిద్యాలయ చట్టం కళాశాల పాలకవర్గంలో వైస్ చాన్సలర్ ప్రతినిధినీ, అధ్యాపకుల, విద్యార్థుల ప్రతినిధులనూ కూర్చోబెట్టాలంది. మైనారిటీ కళాశాలలపై ఆ నియమం చెల్లదని ధర్మాసనం తేల్చింది. నిర్వహణ హక్కు కాపాడే క్రమంలో బయటి అధికారితో పాటు లోపలి విద్యార్థి కుర్చీ కూడా పోయింది.

ఇక సాయం మాటకొస్తే, 2021 సెప్టెంబరు 27న ఉత్తరప్రదేశ్‌కు చెందిన అభయ్ నందన్ ఇంటర్ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ సాయం పొందడం ప్రాథమిక హక్కు కాదని స్పష్టం చేసింది. సాయం షరతులు నచ్చకపోతే సంస్థ వద్దనుకోవచ్చు. మన రాష్ట్రంలో ఎయిడెడ్ వివాదం ముదురుతున్న రోజుల్లోనే ఈ తీర్పు వచ్చింది.

ఈ తీర్పులన్నింటిలో వాది, ప్రతివాది ఇద్దరే: సర్కారు, యాజమాన్యం. తల్లిదండ్రుల మాట ఎక్కడుందని చూస్తే 2009 నాటి విద్యాహక్కు చట్టం దగ్గరకు వెళ్లాలి. అందులో 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీ ఏర్పడాలి, సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం, గ్రాంట్ల ఖర్చు చూడడం దాని పనులు. కానీ 2012లో పార్లమెంటు ఆ సెక్షన్‌కు ఒక షరతు చేర్చింది: మైనారిటీ బడుల్లో, మిగతా ఎయిడెడ్ బడులన్నింటిలో ఈ కమిటీ పని సలహా ఇవ్వడం వరకే. 2014లో ప్రమతి కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఇంకా ముందుకెళ్లి, ఎయిడ్ ఉన్నా లేకున్నా మైనారిటీ బడులకు ఆ చట్టమే వర్తించదంది. ఎయిడెడ్ బడుల్లో ఎన్నో మిషన్ సంస్థలవే. కాబట్టి జ్ఞానాపురం తల్లిదండ్రులు రోడ్డు మీద కూర్చోవడానికి కారణం ఆవేశం ఒక్కటే అనుకోవడం పొరపాటు. బడి లోపల తీర్మానం చేసే వేదిక వారికి చట్టరీత్యా లేదు.

మునిసిపల్ బడుల్లో అదే కథ తలకిందులుగా నడిచింది. విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) బడుల భవనాలు, స్థలాలు ఆ సంస్థవే. 2022 జూన్ 24 నాటి 84వ నంబరు జీవో పురపాలక బడుల పాలనా పర్యవేక్షణను పాఠశాల విద్యాశాఖకు అప్పగించింది. ఆస్తులు మాత్రం పట్టణ సంస్థల పేరు మీదే ఉంచింది. ఇక్కడ కూడా గోడలు ఒకరివి, గోడల మధ్య పనిచేసే మనిషి మరొకరి చేతి కింద. ఉపాధ్యాయ సంఘాల్లో కొన్ని దీన్ని గట్టిగా వ్యతిరేకించాయి. స్థానిక స్వపరిపాలన కోణంలో చూస్తే ఇది వెనకడుగే అనిపిస్తుంది. అయితే ఆ మాట అనేముందు రెండు విషయాలు గమనించాలి.

మొదటిది రాజ్యాంగంలోనే ఉంది. పంచాయతీలకు సంబంధించిన పదకొండో షెడ్యూలు ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో సహా విద్య అని సూటిగా రాసింది. పట్టణాలకు సంబంధించిన పన్నెండో షెడ్యూలు సాంస్కృతిక, విద్యా, కళాభిరుచి అంశాల ప్రోత్సాహం అన్న మాటతో సరిపెట్టింది. పల్లెకు రాసినంత స్పష్టంగా పట్టణానికి రాయలేదు. 84వ జీవోకు ఆ ఖాళీ బాగా ఉపయోగపడింది.

రెండోది విశాఖకే ప్రత్యేకం. 2007లో ఎన్నికైన జీవీఎంసీ పాలకవర్గం గడువు 2012లో ముగిసింది. తర్వాతి ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. ఆ మధ్యకాలమంతా నగరానికి ప్రత్యేకాధికారి పాలనే దిక్కు. బడి బాగోగులు అడగాల్సిన కార్పొరేటరే లేడు. అధికారులకూ ఎన్నికైన బోర్డుకూ మధ్య అధికార పంపకం గురించి చెప్పే ఏ సిద్ధాంతమైనా బోర్డు ఉంటుందన్న ఊహ మీద నిలబడుతుంది. విశాఖలో దాదాపు తొమ్మిదేళ్లు ఆ ఊహ తప్పింది. అందువల్ల బడులు నగరపాలక సంస్థ చేతిలో ఉంటే బాగుపడేవన్న వాదనకు ఈ కాలం నుంచి సాక్ష్యం తెచ్చుకోలేం. చెడిపోయాయన్న వాదనకూ అంతే.

ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రుల కమిటీల అనుభవం మరికొంత వెలుగునిస్తుంది. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులు ఎన్నికవుతారు. ఐదు తరగతుల బడికి పదిహేను మంది అన్నమాట. 2019లో మొదలైన బడుల బాగుసేత పథకం నాడు-నేడు తొలి దశలో 15,715 బడుల పనులు ఈ కమిటీల ద్వారానే జరిగాయి. మరుగుదొడ్డి, ప్రహరీ, తాగునీటి ట్యాంకు పనులకు కమిటీ తీర్మానం, కమిటీ ఖాతా ఉండేవి. పద్ధతి ఎంతమేరకు పనిచేసిందన్నది బడిని బట్టి మారి ఉంటుంది. అయినా అధికారం మాటలో అది నిజమైన మార్పు. కాంట్రాక్టరు బిల్లు మీద తల్లి సంతకం ఉండడం చిన్న విషయం కాదు. కానీ ఫర్నిచరు, రంగులు, ఫ్యాన్ల వంటివి కేంద్రీకృత టెండర్ల ద్వారానే వచ్చాయి. టీచర్ల సర్దుబాటులో కమిటీకి పాత్ర లేదు.

2022 జూన్ 10 నాటి 117వ జీవో ప్రకారం మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని హైస్కూళ్లకు తరలించడం మొదలైనప్పుడు ఆ హద్దు బయటపడింది. బడి అభివృద్ధి ప్రణాళిక రాసే కమిటీకి ఆ బడిలో ఏ తరగతులు ఉండాలో చెప్పే అధికారం లేకపోయింది. చాలాచోట్ల తల్లిదండ్రులు బడికి తాళాలు వేశారు. ప్రభుత్వం మారాక 2025లో ఆ జీవో పోయింది. దాన్ని తెచ్చిందీ, తీసిందీ రెండూ సచివాలయమే.

ఉక్కునగరం బడులది వేరే లెక్క. అక్కడ నిధి ఇస్తూ వచ్చింది విశాఖ ఉక్కు కర్మాగారం, నడిపేది మరో సంస్థ. విద్యాశాఖ పాత్ర గుర్తింపు వరకే. 2025లో కర్మాగారం సాయం ఆగే పరిస్థితి రావడంతో విశాఖ విమల విద్యాలయ టీచర్లు, తల్లిదండ్రులు ఆందోళనకు దిగారు. ఇక్కడ నిధిదాత రాష్ట్ర ప్రభుత్వం కాకపోయినా దెబ్బ తగిలింది మాత్రం మళ్లీ పిల్లలకే.

పాలకవర్గంలో అధికారులనే కూర్చోబెడితే ఈ చీలిక పోతుందా? ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చరిత్ర దీనికి కొంత జవాబు చెబుతుంది. 1926లో పుట్టిన ఆ సంస్థను సెనేటు, సిండికేటు నడిపేవి. 1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టం వాటి స్థానంలో పాలకమండలిని తెచ్చింది. అందులో ఉన్నత విద్య, ఆర్థిక శాఖల కార్యదర్శులకు హోదారీత్యా కుర్చీలు ఉన్నాయి, మిగతా వారిలో ఎక్కువమంది ప్రభుత్వం నామినేట్ చేసేవారే. అధికారికీ బోర్డుకూ మధ్య గొడవ అక్కడ తగ్గి ఉండవచ్చు. అయితే గొడవ లేకపోవడానికి కారణం రెండో పక్షం బలహీనపడడం కూడా కావచ్చు. 1966లో ప్రభుత్వం విశ్వవిద్యాలయ చట్టాలను సవరించినప్పుడు ఉస్మానియా వైస్ చాన్సలర్ డి.ఎస్. రెడ్డిని పదవి నుంచి దించేందుకు ప్రత్యేకంగా ఒక సెక్షన్ చేర్చింది. 1967లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆనాడు ఎదురు నిలబడే మనిషీ ఉన్నాడు, నిలబడడానికి చోటూ ఉంది.

బడి చేతులు మారే వేళ ఏం చేయవచ్చో చూపే బయటి ఉదాహరణ ఒకటి ఉంది. ఇంగ్లండులో 2010 అకాడమీల చట్టం కింద స్థానిక సంస్థల బడులు వాటి పరిధి నుంచి బయటికి వచ్చాయి. భూమిని సాధారణంగా 125 ఏళ్ల లీజుకు ఇచ్చారు. అంటే స్థలం ఎవరిది, వాడకం ఎవరిది అన్నది ముందే తేల్చుకున్నారు. మార్పుకు ముందు పాలకవర్గం సంప్రదింపులు జరపాలని చట్టంలోనే రాశారు. ఎవరిని సంప్రదించాలో పాలకవర్గమే నిర్ణయించుకునే వెసులుబాటు ఉండడంతో అది మొక్కుబడి తంతు అన్న విమర్శ అక్కడా ఉంది. ఆ పద్ధతి మనకు నమూనా అని చెప్పడం తొందరపాటు. అయినా 2021లో మన ఉత్తర్వులకు లేని ఒక మెట్టు అక్కడ ఉందన్నది వాస్తవం.

ఎయిడెడ్ బడుల్ని బోర్డులకే పూర్తిగా వదిలేయాలని ఈ ఆధారాలు చెప్పడం లేదు. దాత ఆశయం పేరుతో బడి స్థలాన్ని వేరే పనికి వాడుకునే పాలకవర్గాన్ని అడ్డుకునేది చివరకు అధికారి కలమే. అన్నీ విద్యాశాఖకే ఇవ్వాలని కూడా ఇవి చెప్పడం లేదు. మూడు నెలల్లో రెండు దారుల్ని నాలుగు చేసిన శాఖ అది. జీతమూ స్థలమూ రెండు చేతుల్లో ఉన్నంతకాలం వాటిని విడదీసే నిర్ణయం ఆ రెండు చేతులకే వదలడం పిల్లలకు నష్టం అన్నంత వరకు మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు.

దీన్ని సరిచేయడానికి విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్‌ను తిరగరాయనక్కర్లేదు, అది పార్లమెంటు పని. మైనారిటీ సంస్థల నిర్వహణ హక్కులో వేలు పెట్టనక్కర్లేదు. ఏ షరతు మీద సాయం ఇవ్వాలో, ఎలా ఆపాలో నిర్ణయించేది రాష్ట్రమే కనుక శాసనసభ 1982 విద్యా చట్టంలో ఒక చిన్న సెక్షన్ చేర్చినా చాలు: ఏ సంస్థ అయినా ఎయిడ్ వదులుకోవాలన్నా, ప్రభుత్వం సిబ్బందిని వెనక్కు తీసుకోవాలన్నా, విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా తల్లిదండ్రులకు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, బడిలోనే సభ పెట్టి వారి అభిప్రాయం రికార్డు చేయాలి, ఆ రికార్డును ఉత్తర్వుకు జతచేయాలి. విశాఖ శాసనసభ్యుల్లో ఎవరైనా ఒకరు దీన్ని ప్రైవేటు మెంబరు బిల్లుగానైనా సభ ముందు పెట్టాలి.